ఏడాదికోసారి అద్దె కట్టే పేరు

మీ పేరు మీది కాకపోవడమంత అదృష్టం ఈ కాలంలో ఇంకొకటి లేదని నేను ఘంటాపథంగా చెబుతున్నాను. నవ్వకండి. నేను నవ్వులాటకు ఏదీ రాయనని ఈ కాలమ్ చదివేవారందరికీ తెలుసు.

ఇల్లు మీది కాకపోతే బాధే. పొలం మీది కాకపోతే బాధే. పేరు మీది కాకపోతే మాత్రం ఎంత హాయి! సొంత పేరైతే మోయాలి, కాపాడాలి, దాని మీద మచ్చ పడకుండా చూసుకోవాలి. అద్దె పేరుకు ఆ బెంగ లేదు. ఏడాదికోసారి అద్దె కడతారు, వాడుకుంటారు. కట్టడం మరిచిపోయారా, అది లేచి ఇంకొకరి ఇంటికి వెళ్ళిపోతుంది. మీకు బరువు తగ్గుతుంది.

ఈ హాయిని మనకు ప్రసాదించింది ఇంటర్నెట్. అక్కడ దుకాణం పెట్టాలంటే ముందు ఒక పేరు కావాలి. దాన్ని డొమైన్ అంటారు. చివర డాట్ కామ్ అనో, డాట్ ఇన్ అనో ఒక తోక ఉంటుంది. 'నేను ఫలానా డొమైన్ కొన్నాను' అని మీసం తిప్పేవాళ్ళను చాలామందిని చూశాను. పాపం, వాళ్ళు కొనలేదు. అద్దెకు దిగారు. ఇంటి ఓనరు ఎవరో తెలియని అద్దె!

నా సంగతే తీసుకోండి. మొన్న ఉగాది వెళ్ళాక నా పేరు మీద ఒక వెబ్‌సైట్ పెట్టుకుందామని కూర్చున్నాను. పేరు టైప్ చేశాను. 'అభినందనలు! ఇది ప్రీమియం పేరు' అని తెర మీద వచ్చింది. నేను కుర్చీలో సర్దుకుని నిటారుగా కూర్చున్నాను. కామారెడ్డిలో ఇన్నేళ్ళుగా ఉంటున్నాను, నా పేరు విని ఎవరూ చాయ్ తాగించలేదు. బ్యాంకులో నా పేరు పిలిచేటప్పుడు గుమాస్తాకు ఆవులింత వస్తుంది. పెళ్ళి పత్రికల్లో నా పేరు అందరికన్నా కింద, 'మరియు' తరువాత పడుతుంది. అలాంటి నా పేరు ప్రీమియం!

ఆ సంతోషం పట్టలేక మా ఆవిడ పల్లవిని పిలిచి చూపించాను. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని ధర చదివింది. ఆ డబ్బుకు ఇంతకన్నా మంచి పేరున్న మనిషే దొరుకుతాడు కదా అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆమెకు మార్కెట్ అర్థం కాదు.

నాకు అర్థమవుతుంది. పోటీ అంటే నాకు ప్రాణం. కామారెడ్డి స్టేషన్ రోడ్డులో ఒక చేతిరుమాలు కొనడానికి నేను దుకాణం తరువాత దుకాణం ఎక్కి దిగుతాను. ప్రతి దుకాణంలోనూ కూర్చోబెడతారు, నీళ్ళిస్తారు, పరుపు మీద రుమాళ్ళు పరుస్తారు. ఒక పూట గడిచిపోతుంది. కొనుగోలుదారుడు దేవుడన్న మాట నాకు అక్కడే నమ్మకం కలిగింది.

డొమైన్ల బజారు చూశాక మా స్టేషన్ రోడ్డు మీద జాలేసింది. అక్కడ దుకాణాలు వేలల్లో ఉన్నాయి! ఒక్కొక్కటీ గుమ్మం ముందు నిలబడి 'రండి బాబూ, మొదటి ఏడాది దాదాపు ఊరికే' అని పిలుస్తుంది. రెండో ఏడాది సంగతేమిటని అడగడం మర్యాద కాదు. అత్తారింట్లో మొదటి పండక్కి జరిగిన మర్యాద, రెండో పండక్కి జరిగిన మర్యాద ఎలా ఉంటాయో అల్లుళ్ళకు నేను చెప్పనక్కరలేదు కదా!

ఇన్ని వేల దుకాణాల వెనక తలుపు తీసి చూస్తే ఇంకా ముచ్చటేస్తుంది. లోపల ఒకటే గోదాం! డాట్ కామ్ తోక ఉన్న పేర్లన్నిటినీ ప్రపంచం మొత్తానికి టోకుగా ఇచ్చేది ఒకే ఒక్క కంపెనీ. ప్రతి తోకకూ ఒక గోదాం, ప్రతి గోదాంకూ ఒక్కడే తాళంచెవి ఉన్నవాడు. అక్కడ టోకు ధర పెరిగిందంటే ముందు వేల దుకాణాలకూ ఒకేసారి చలి పుడుతుంది. ఆ తరువాత మనకు జ్వరం వస్తుంది.

ఎంత క్రమశిక్షణ! మన కూరగాయల మార్కెట్లో పక్కపక్కనే ఉన్న రెండు బండ్ల మీద టమాటా ధర ఒకటిగా ఉండదు. ఇక్కడ దుకాణం మారితే సంచి రంగు మారుతుందంతే. సరుకూ అదే, గోదామూ అదే. ఎంచుకునే స్వేచ్ఛ మాత్రం అపారం. మీకు నచ్చిన రంగు సంచి ఎంచుకోవచ్చు.

దుకాణం నచ్చకపోతే ఇంకో దుకాణానికి మారే హక్కు కూడా ఉంది. ముందు తాళం తీయమని పాత దుకాణాన్ని అడగాలి. వాళ్ళు ఒక రహస్య సంకేతం పంపుతారు. అది మీరు ఎప్పుడో వదిలేసిన మెయిల్‌కు వెళుతుంది. ఆ మెయిల్ తెరవడానికి ఒక నంబరు వస్తుంది. అది మీరు ఎప్పుడో పారేసిన సిమ్‌కు వెళుతుంది. ఇదంతా మన భద్రత కోసమే. మనల్ని మన నుంచి ఇంత గట్టిగా కాపాడేవాళ్ళు ఇంకెవరున్నారు?

ఇక లైసెన్సుల విషయం. ఇలాంటి ఒక్కో దుకాణం పెట్టడానికి ఒక్కో లైసెన్సు కావాలి. ఎవరిదైనా పేరు గడువు దాటి కింద పడితే, పట్టుకోవడానికి దుకాణాలన్నీ ఒకేసారి చేతులు చాస్తాయి. ఎవరి చెయ్యి ముందు తగిలితే పేరు వారిది. మరి ఒక కంపెనీకి ఒక్క చెయ్యే ఉంటే ఎలా? అందుకని కొందరు పెద్దలు వందల లైసెన్సులు తీసుకుని, వందల దుకాణాల పేర్లు పెట్టి, వందల చేతులతో నిలబడతారు.

ఇది విని పట్నం మేధావులు ఆశ్చర్యపోతారేమో. బీబీపేట వైపు వాళ్ళం మేం ఆశ్చర్యపోం. యూరియా లారీ వస్తోందని కబురు తెలిస్తే మా దగ్గర లైన్లో నిలబడేది చెప్పులు. మనుషులు నీడన కూర్చుంటారు. నిరుడు మా బంధువు రాజయ్య ఇంట్లో ఉన్న చెప్పులన్నీ గోనెసంచిలో వేసుకొచ్చి లైన్లో పరిచాడు. చనిపోయిన తండ్రి చెప్పులు కూడా వాటిలో ఉన్నాయి. చూసేవాళ్ళకు అది పెద్ద జనం. యూరియా సంచులన్నీ చేరింది మాత్రం రాజయ్య కొట్టంలోకే. ఆ రోజు జనం రాజయ్యను తిట్టారు. తాను అంతర్జాతీయ స్థాయి వ్యాపార పద్ధతి పాటిస్తున్నానని ఆయనకూ తెలియదు, తిట్టినవాళ్ళకూ తెలియదు.

ఇంత గొప్ప వ్యవస్థ వల్ల మా జిల్లాకు ఒరిగిందేమిటని మీరడుగుతారు. అడగండి! చెప్పడానికే కూర్చున్నాను.

లింగంపేట దాటాక అడవి అంచున ఒక తండా ఉంది. చుట్టూ గుట్టల మీద సీతాఫలం చెట్లు ఎవరూ నాటకుండానే పెరిగాయి. వానలు వెనకబట్టాక కాయ కన్ను విప్పుతుంది, అంటే పైనున్న గడులు విచ్చుకుని మధ్య గీతలు తెల్లబడతాయి. అప్పుడు కోస్తే రెండు మూడు రోజుల్లో పండుతుంది. ఆ తరువాత ఎవరికోసమూ ఆగదు. తండా ఆడవాళ్ళు గంపలు నెత్తిన పెట్టుకుని రోడ్డు మీదికి తెచ్చేవాళ్ళు. దళారి లారీలో వచ్చేవాడు. కాయకు ఎంత తొందరో ఆయనకు అంత తాపీ. సాయంత్రం దాకా కూర్చోబెట్టి, మెత్తబడుతున్నాయని ఆయనే చెప్పి, ఆయన చెప్పిన ధరకే ఎత్తుకుపోయేవాడు.

కామారెడ్డి బస్టాండు దగ్గర కాయలమ్మే హరిలాల్ ఆ తండావాడే. నేను ప్రతి ఏడూ అతని దగ్గరే కొంటాను. అతని భార్య మాలతి మా ఊళ్ళోనే డిగ్రీ చదివింది. నిరుడు ఎండాకాలంలో ఆ అమ్మాయి ఎల్లారెడ్డిలో నెట్ సెంటర్ నడిపే అభిలాష్ దగ్గరికి వెళ్ళి, తండా పేరు మీద ఒక డొమైన్ తీసుకుంది. తండా పేరు, దాని వెనక సీతాఫలం, దాని వెనక డాట్ కామ్. మొదటి ఏడాది ఆఫర్ కదా, దాదాపు ఊరికే వచ్చింది.

ఆ సీజను చూడాలి మీరు! హైదరాబాదు అపార్ట్‌మెంట్ల వాళ్ళు ఆ పేరు ఒకరికొకరు చెప్పుకుని పెట్టెలకు పెట్టెలు ఆర్డర్లు పెట్టారు. ఆడవాళ్ళు అట్టపెట్టెల్లో ఆకులు పరిచి కాయలు సర్దారు. ఒకరోజు దళారి లారీ దిగి, తండాలోకి నడిచి వచ్చి, కాసిని మంచినీళ్ళు అడిగాడట. ఆయన లారీ దిగగలడని తండాలో చాలామందికి అప్పటిదాకా తెలియదు.

ఇలాంటి అనారోగ్యకరమైన సంతోషాన్ని మార్కెట్ ఎన్నాళ్ళు సహిస్తుంది? ఏడాది తిరిగింది.

గడువు దగ్గర పడేసరికి మాలతి కాన్పుకని జుక్కల్ వైపు పుట్టింటికి వెళ్ళింది. హరిలాల్ కూలికని ముంబై వెళ్ళాడు. గుర్తు చేసే మెయిళ్ళు అభిలాష్ నెట్ సెంటర్ మెయిల్‌లోకి వచ్చి, పండగ ఆఫర్ల కింద భద్రంగా పడుకున్నాయి. ఫోన్ నంబరు మాత్రం మాలతి అత్త మోతిది ఇచ్చారు. తండాలో ఆఫర్ వచ్చినప్పుడల్లా సిమ్ మార్చనిది ఆమె ఒక్కతే మరి.

డొమైన్ దుకాణం మోతికి ఫోన్ చేసింది. మనిషి కాదు, యంత్రం. తియ్యటి గొంతు. మీ డొమైన్ గడువు ముగుస్తోందని, కొనసాగించాలంటే బీప్ వినిపించాక మీ డొమైన్ పేరు చెప్పమని అడిగింది.

చిక్కంతా అక్కడే వచ్చింది. తండా పేరు తండాను కట్టిన పెద్దమనిషి పేరు. ఆయన మోతికి స్వయానా మామ. ఆ ఇళ్ళలో కోడలు భర్త పేరు నోట పలకదు, మామ పేరు అసలే పలకదు. కాపురానికి వచ్చిన నాటి నుంచి మోతి ఆ పేరు ఒక్కసారి కూడా ఉచ్చరించలేదు. బస్సు కండక్టరుకు 'లింగంపేట తరువాత చింతల మలుపు' అని చెబుతుంది. రేషన్ దుకాణంలో పక్కనున్నవాళ్ళ వైపు చూస్తుంది, వాళ్ళు చెబుతారు. జనాభా లెక్కలవాళ్ళు వస్తే ఎదురింటి భూమక్కను పిలుస్తుంది. ఇన్నేళ్ళలో ఎక్కడా పని ఆగలేదు.

ఆమె యంత్రంతో కూడా మర్యాదగానే మాట్లాడింది.

"ఆ పేరు నేను తియ్యరాదు బిడ్డా. నువ్వే చెప్పు, నేను అవునంట."

యంత్రం క్షమించమని, అర్థం కాలేదని, మళ్ళీ చెప్పమని అడిగింది. పాపం, పిల్లకు తెలియదేమోనని మోతి ఆనవాళ్ళు చెప్పింది. తెల్ల తలపాగా, పొడుగు మనిషి, ఈ గుట్ట కిందికి మొదట ఎద్దులు తోలుకొచ్చింది ఆయనే. యంత్రం మళ్ళీ క్షమించమంది. మరునాడు ఇంకోసారి చేసింది. మోతి ఈసారి ఆయన ఎంత మంచివాడో కూడా చెప్పింది. చివరికి యంత్రం ధన్యవాదాలు చెప్పి పెట్టేసింది. ఎవరో పిల్ల మా పెద్దాయన గురించి ఎంత ఓపికగా అడిగిందోనని మోతి ఆ సాయంత్రం అందరికీ చెప్పుకుంది.

మనిషైతే పక్కవాళ్ళకు ఫోన్ ఇవ్వమ్మా అనేవాడు. యంత్రానికి అలాంటి దురలవాట్లు లేవు.

గడువు దాటాక దుకాణం కొన్నాళ్ళు ఊరికే ఓపిక పట్టింది, కొన్నాళ్ళు జరిమానాతో ఓపిక పట్టింది. తరువాత పేరు కింద పడింది. ఎక్కడో ఎవరివో చేతులు చాచి ఉన్నాయి కదా, పట్టుకున్నాయి. మాలతి బిడ్డను ఎత్తుకుని తండాకు తిరిగొచ్చి, ఈసారి కాయలు ఎప్పుడొస్తాయో రాద్దామని ఫోన్ తెరిచింది. 'ఈ పేరు అమ్మకానికి ఉంది' అని పెద్ద అక్షరాలు కనిపించాయి. చుట్టూ మోకాళ్ళ నొప్పుల నూనె, నిమిషంలో లోన్, పెళ్ళి సంబంధాలు. తండాను కట్టిన పెద్దాయన పేరు కింద అన్ని సౌకర్యాలు ఎన్నడూ లేవు!

ఇక్కడ ఒక్క క్షణం నవ్వు పక్కన పెడతాను. జరిగింది తెలిశాక మోతి ఆ పూట పొయ్యి వెలిగించలేదు. నేను వెళ్ళినప్పుడు గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూడకుండానే మాట్లాడింది.

"ఇజ్జత్ కోసం పేరు తియ్యకపోతి సారూ. గా ఇజ్జతే మా మామ పేరును మింగె."

నేనూ ఆ గోడ పక్కనే కూలబడ్డాను. నేను పోటీని నమ్మినవాణ్ణి కాబట్టి వెంటనే తేరుకున్నాను.

భయపడొద్దని మాలతికి ధైర్యం చెప్పాను. వేల దుకాణాలున్నాయి, ఒకడు కాకపోతే ఇంకొకడు ఇప్పిస్తాడని ఆ అమ్మాయిని ఎల్లారెడ్డికి తీసుకెళ్ళాను. అభిలాష్ మంచి పిల్లవాడు, మమ్మల్ని చూడగానే తల దించుకున్నాడు. నిజానికి తాను దుకాణందారు కూడా కాదట. హైదరాబాదు దుకాణం దగ్గర తాను తీసుకున్నాడు, అది బెంగుళూరు దుకాణం దగ్గర తీసుకుంది, అది సముద్రం అవతలి దుకాణం దగ్గర తీసుకుంది. నిచ్చెన ఎక్కుతూ పోతే పైన ఆ గోదాం. ఎవరికి వారు ఎంత మర్యాదస్తులంటే, తప్పు తమ కింది మెట్టుదని ఒక్కరూ అనలేదు. పై మెట్టుదన్నారు.

పట్టుకున్నవాడు అడుగుతున్న ధర ఎంతో చూశాం. తండాలో డబ్బును డబ్బుగా లెక్కపెట్టరు. మాలతి మనసులో లెక్క వేసుకుని, ఒక మేక అంది. ఒక మేకను అమ్మితే వచ్చేంత. ఇవ్వొచ్చు అనుకున్నాం. నేను ఆపాను. బేరమాడకుండా కొంటే పోటీకి అవమానం కాదూ? నాలుగు దుకాణాల్లో విచారిద్దామన్నాను.

విచారించాం. ప్రతి దుకాణమూ ఆ పేరు మీకు ఇప్పించే పూచీ మాదంది. కొత్త తోకలు కూడా చూపించారు. డాట్ కామ్ కోసం ఎందుకు పట్టుబడతారు, అదే పేరుకు డాట్ షాప్ ఉంది, డాట్ గురు ఉంది, డాట్ నింజా ఉంది! మోతి మామగారు నింజా అయ్యే అవకాశం మా కళ్ళ ముందు నిలబడింది. అపార్ట్‌మెంట్ల వాళ్ళకు తెలిసింది పాత పేరొక్కటేనని, వాళ్ళు దాని కోసమే చూస్తారని మాలతి గొణిగింది.

మరునాటికి ధర బర్రె అయింది.

ఇక్కడ తండావాళ్ళ అలవాటొకటి చెప్పాలి. అక్కడ ఎద్దు తప్పిపోతే అది ఎవరి ఎద్దని ఎవరూ అడగరు. తింటున్నవాళ్ళు చెయ్యి కడుక్కుని లేస్తారు. ఒకరు వాగు వైపు, ఒకరు గుట్ట వైపు, ఒకరు రోడ్డు వైపు. దొరికేదాకా ఎవరూ ఇంటి మొహం చూడరు. ఈసారి తప్పిపోయింది పేరు. తండా తండా అంతా లేచింది! ఇంట్లో ఉన్నవాళ్ళు, ముంబైలో ఉన్నవాళ్ళు, పుణెలో ఉన్నవాళ్ళు, దుబాయిలో ఉన్నవాళ్ళు, అందరూ ఫోన్లు తీసి ఆ పేరు కొట్టి చూడసాగారు. ఎవరి దగ్గరుంది? తిరిగొచ్చిందా? పనిలోకి పోయేముందు చూస్తారు, అన్నం తినేటప్పుడు చూస్తారు. లింబ్యా అనే ముసలాయనకు అక్షరం రాదు. ఆయన మనవరాలితో ఫోన్లో పేరు పెట్టించుకుని, పొద్దున్నే మొహం కడగకముందు బొటనవేలితో నొక్కి, ఇంకా రాలేదని నిట్టూర్చేవాడు.

బర్రె కాస్తా జత ఎద్దులైంది. జత ఎద్దులు ట్రాక్టర్ ట్రాలీ అయ్యాయి. ట్రాలీకి ట్రాక్టరు కూడా వచ్చి తగులుకుంది!

ఎల్లారెడ్డిలో అభిలాష్ రెండు రోజులు జుట్టు పీక్కుని, చివరికి మాకు విడమర్చి చెప్పాడు.

"అందరు చూస్తుండ్రు గద సార్. గిరాకి ఉన్నదనుకుంటున్నరు ఆళ్లు. మీరు ఎంత ఎతికితే గంత పెరుగుతది."

నేను లేచి నిలబడ్డాను. చప్పట్లు కొట్టాలనిపించింది! మీరే చెప్పండి, తప్పిపోయిన ఎద్దును పది మంది వెతికితే ఎద్దు ఖరీదు పెరగడం ఎక్కడైనా విన్నారా? ఇక్కడ పెరుగుతుంది. ఊరంతా ఒక పేరును ప్రేమిస్తే, ఆ ప్రేమను తూచి, ఆ తూకానికి ధర కట్టి, ప్రేమించినవాళ్ళకే అమ్మజూపే బజారు ప్రపంచంలో ఇదొక్కటే. కొనేవాడు పోటీ పడేది ఎవరితో? తనతోనే! అమ్మేవాళ్ళందరూ ఒకటైపోయినా పోటీ చావకుండా కొనేవాడి ఇంట్లోనే దాన్ని బతికించిన ఆ బుర్రలకు నా నమస్కారాలు.

ముంబై నుంచి హరిలాల్ వచ్చాడు. వాళ్ళింటి ముందు రేకుల షెడ్డు కింద తండా అంతా కూర్చుంది. మాలతి లేచి విషయం చెప్పింది. ఇవాల్టి నుంచి ఆ పేరు ఎవరూ ఫోన్లో కొట్టకూడదు. ఫోన్లు మాటలు కూడా వింటాయంటున్నారు కాబట్టి, ఫోన్ దగ్గరున్నప్పుడు నోటితో కూడా అనకూడదు. ఎవరూ ఆ పేరు పట్టించుకోవడం లేదని దాన్ని పట్టుకున్నవాడికి అనిపించాలి. అప్పుడే ధర దించుతాడు.

మగవాళ్ళు నోళ్ళు తెరిచారు. ఊరి పేరు చెప్పకుండా బస్సెలా ఎక్కాలి? కూలీల అడ్డా మీద మేస్త్రీ ఎక్కడివాడివంటే ఏం చెప్పాలి? ఎద్దు తప్పిపోతే వెతకకుండా కూర్చునేదెట్లా అని లింబ్యాకు కోపం కూడా వచ్చింది.

అప్పుడు మోతి నవ్వింది. అన్ని రోజుల తరువాత అదే మొదటి నవ్వు.

"గిప్పుడు మీరందరు కోడండ్లయిండ్రు."

షెడ్డు రేకులు ఎగిరిపోయేంత నవ్వారు. తరువాత మోతి వాళ్ళకు పాఠం చెప్పింది. కండక్టరుకు మలుపు చెప్పాలి. ఆఫీసర్లు అడిగితే పక్కవాళ్ళ వైపు చూడాలి. మేస్త్రీ అడిగితే ఆ పక్క ఊరి పేరు చెప్పి, దానికి అవతల అనాలి. పేరు పలకకుండా జీవితమంతా ఎలా నెగ్గుకురావాలో ఆమెకన్నా తెలిసినవాళ్ళు ఎవరు? మీసాలున్న మగవాళ్ళు వరసగా కూర్చుని నేర్చుకున్నారు. ముంబై వాళ్ళకూ దుబాయి వాళ్ళకూ కబురు వెళ్ళింది.

రెండు రోజులు ధర కదల్లేదు. మూడోనాడు పెరిగింది! ఎవరు చూశారని విచారిస్తే లింబ్యా. ఎవరూ చూడటం లేదు కదా, దిగిందో లేదోనని ఒక్కసారి చూశాడట. తానే వెళ్ళి ఫోన్ మోతి చేతిలో పెట్టి, కాయలు అయిపోయేదాకా నీ దగ్గరే ఉంచమన్నాడు.

ఆ తరువాత ట్రాక్టర్ వెళ్ళిపోయింది. ట్రాలీ వెళ్ళింది. ఎద్దులు వెళ్ళాయి. పేరు పట్టుకుని ఇన్నాళ్ళూ ఉలకనివాడు ఇప్పుడు అభిలాష్‌కు తానే మెయిల్ రాశాడు, ప్రత్యేక తగ్గింపు అని. జవాబివ్వలేదు. పండగ తగ్గింపు అన్నాడు. జవాబివ్వలేదు. చివరి తగ్గింపు అన్నాడు, ఆ తరువాత ఇంకో చివరి తగ్గింపు అన్నాడు. నేను ఈ కాలమ్ రాస్తున్న పొద్దుకు ధర దూడ దగ్గర ఉంది. మేక దగ్గరికి దిగితే కట్టేస్తామని హరిలాల్ ఒక మేకను చూసి పెట్టుకున్నాడు.

గుట్ట మీద కాయలు కన్ను విప్పుతున్నాయి. అవి ఆగవు. దళారి లారీ నిన్న తండా మలుపు దగ్గర నిలిచింది. ఆయన దిగలేదు. కిటికీలోంచి తల బయటపెట్టి, ఈసారి మీ వెబ్‌సైట్ నడవడం లేదటగా అని మాలతిని ఆప్యాయంగా పరామర్శించాడు. మాలతి బిడ్డను భుజం మార్చుకుంది.

ఈ కథ విని మా ఎడిటర్ గారికి మనసు కరిగింది. తండా పేరు, వెబ్‌సైట్ పేరు పెద్ద అక్షరాల్లో, చుట్టూ గీతల డబ్బా కట్టి వేద్దామన్నారు. పాఠకులందరూ చూస్తారు, ఆ పట్టుకున్నవాడు సిగ్గుపడతాడు అన్నారు. నేను ఉప్పొంగిపోయాను. ఆ తండావాళ్ళకు పేపరు మీద ఒక పాత కోపం ఉంది. వరదకు వాళ్ళ రోడ్డు కొట్టుకుపోయినప్పుడు పేపర్లో వచ్చింది. బోరు ఎండి ఆడవాళ్ళు బిందెలతో ధర్నా చేసినప్పుడూ వచ్చింది. రెండుసార్లూ 'లింగంపేట సమీపంలోని ఒక తండా' అని వేశారు. మాకు పేరు లేదా అని హరిలాల్ బస్టాండు దగ్గర నన్ను ఎన్నిసార్లు నిలదీశాడో!

అందుకే నిన్న స్వయంగా వెళ్ళాను. ఈసారి మీ పేరు పెద్ద అక్షరాల్లో వస్తుందని మాలతికి చెప్పాను. అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మోతి తల అడ్డంగా ఊపింది. మాలతి గుట్ట వైపు చూసింది. ఆ తరువాత నా దగ్గరికి వచ్చి, ఎవరైనా వింటారేమోనన్నట్టు మెల్లగా చెప్పింది.

"వద్దు సార్. ఒక తండా అనే రాయుండ్రి."

రాశాను. మీరు కూడా ఫోన్ జేబులో పెట్టేసుకోండి.